ఇరవై కాన్పుల లెక్క

మా ఊళ్ళో పుట్టిన ప్రతివాడూ ముందు మాదిగదాని చేతుల్లో పడ్డవాడే. కరణంగారి కొడుకైనా, కమ్మోరి మనవడైనా, ఆఖరికి మమ్మల్ని బావి దగ్గరికి రానివ్వని మునసబుగారైనా. తల్లి కంటే ముందు ఆ పిల్లోణ్ణి తాకింది మా అమ్మమ్మ. వేలికి గుడ్డ చుట్టుకుని నోట్లో జిగురు తీసింది ఆమె. బొడ్డు కోసింది ఆమె. మాయ ఎత్తి దొడ్లో గొయ్యి తవ్వి పూడ్చింది ఆమె. తొలి ఏడుపు విని "బతికినావురా నాయనా" అన్నది కూడా ఆమే. పురుడు వెళ్ళి ఇల్లంతా మైల కడుక్కున్నాక, ఆ పిల్లోణ్ణే చూసిపోదామని అరుగు దాకా పోతే మాత్రం "దూరం, దూరం" అన్నారు.

ఆమె తెచ్చుకున్న కూలి చేటెడు జొన్నలు, ఒక పాత చీర. మగపిల్లోడైతే ఇంకో మానెడు ఎక్కువ. పెరటి దోవన పిలిచారు, పెరటి దోవనే పంపారు.

కొన్ని ఊళ్ళల్లో ఈ పని మంగలి ఆడవాళ్ళు చేశారు. కొన్ని ఊళ్ళల్లో చాకలి ఆడవాళ్ళు చేశారు. మా వైపు మాల మాదిగ ఆడవాళ్ళు చేశారు. చేసే కులం మారినా పని మీద వేసిన ముద్ర మారలేదు. అది మైల పని. దాన్ని వైద్యం అని ఎవరూ అనలేదు. వైద్యానికి శ్లోకాలుండాలి, గురువులుండాలి, గంధం బొట్టుండాలి. మా అమ్మమ్మకు ఉన్నవి పది వేళ్ళు. పొట్ట మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో చెప్పే వేళ్ళు.

ఈ సంగతి ఎందుకు ఎత్తానంటే, ముప్ఫై ఏళ్ళకు పైగా నేను బతికింది కూడా ఆ పని మీదే. పేరు మాత్రం మారింది. ఆమెను మంత్రసాని అన్నారు, నన్ను సిస్టర్ అంటున్నారు. ఆమెకు చేట, నాకు జీతం. అంతవరకూ బాగానే ఉంది. బాగోలేనిది ఆ పనిని మాకు నేర్పే తీరు. నర్సింగ్ చదివే ఆడపిల్లలకు లేబర్ రూమ్‌లో ఇచ్చే శిక్షణ గురించి నాలుగు మాటలు చెప్పాలి. తియ్యగా చెప్పటం నాకు చేతకాదు.

నర్సింగుకి ఎవరొచ్చారో ముందు చూడండి. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. అట్లాంటి మిషన్ ఆసుపత్రులు తెలుగు జిల్లాల్లో చాలా వచ్చాయి. వాటికి నర్సులు కావాల్సి వచ్చినప్పుడు అగ్రకులాల వాళ్ళు తమ ఆడపిల్లల్ని పంపలేదు. పరాయివాడి చీము తుడవటం, నెత్తురు కడగటం, ఉచ్చ గిన్నె ఎత్తటం వాళ్ళ దృష్టిలో మన పని. అందుకని మన పిల్లలు పోయారు. వాడల్లో నుంచి, బైబిలు పట్టుకుని, మిషన్ బళ్ళో నాలుగు ముక్కలు నేర్చుకుని పోయారు. ఆ తెల్ల గౌను మా కుటుంబాల్లో ఎన్ని పొయ్యిలు వెలిగించిందో నాకు తెలుసు. ఆ రుణం నేను కాదనను. కాని దేశం మొత్తం నర్సుని చిన్నచూపు చూడటానికి ఈ కథకీ సంబంధం లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. పని మీది అంటు మనిషి మీదికి వచ్చింది. మనిషి మీది అంటు పని మీదికి పోయింది.

నేను నర్సింగులో చేరింది 1991లో. చుండూరు జరిగిన ఏడాది. ఆగస్టు 6న మావాళ్ళని నరికి గోనె సంచుల్లో కుక్కి కాలవలో వేశారు. హాస్టల్లో ఒక పిల్ల నా పక్క మంచం మార్పించుకుంది. "ఊరికే భయంగా ఉంటుంది" అని చెప్పిందట వార్డెన్‌తో. చచ్చింది మేము. భయం వాళ్ళకి.

రెండో ఏడాదికి లేబర్ రూమ్ పోస్టింగ్ వేశారు. ఒక పెద్ద సర్కారు ఆసుపత్రి. మా చేతికి ఒక కేసు బుక్కు ఇచ్చారు. కళ్ళారా చూసిన కాన్పులు ఇన్ని, చేతులారా చేసిన కాన్పులు ఇరవై, కుట్లు వేసినవి ఇన్ని. ఒక్కొక్క దానికి తల్లి వయసు, ఎన్నో కాన్పు, నొప్పులు మొదలైన వేళ, బిడ్డ బరువు, మాయ పడ్డ వేళ రాయాలి. కింద ట్యూటర్ సంతకం. ఇరవై సంతకాలు లేకపోతే పరీక్షకి కూర్చోనియ్యరు. ఈ ఇరవై లెక్క ఇప్పటి పిల్లల పుస్తకంలోనూ ఉంది.

లెక్క ఉండటం తప్పు కాదు. చెయ్యి తిరగాలంటే చెయ్యాలి. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు ఎంత అదిమి పట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి, అది పుస్తకం చెప్పదు. నేను అడిగేది వేరే. ఆ ఇరవై మంది ఎవరు?

కార్పొరేట్ ఆసుపత్రిలో ఏసీ గది తీసుకున్న ఆవిడ మీద ఏ విద్యార్థినీ చెయ్యి వెయ్యదు. వెయ్యనివ్వరు. మేము నేర్చుకున్నది మిరపకాయ కోతకి పోయే ఆడవాళ్ళ మీద, ఇటుక బట్టీల ఆడవాళ్ళ మీద, రైల్వే కట్ట పక్కన గుడిసెల ఆడవాళ్ళ మీద, తండాల నుంచి వచ్చిన లంబాడీ ఆడవాళ్ళ మీద. ఈ దేశంలో ఇప్పటి పెద్ద డాక్టర్లు, పెద్ద నర్సులు అందరూ ఆ ఒంటి మీద నేర్చుకున్నవాళ్ళే. అందుకు ఎవరన్నా ఆ తల్లికి దండం పెట్టారా? దండం దాకా ఎందుకు, "అమ్మా, ఈ పిల్ల నేర్చుకుంటోంది, నిన్ను చూడొచ్చా?" అని ఒక మాట అడిగారా?

అడగలేదు. మాకు నేర్పిన మొదటి పాఠం అదే. అడగక్కర్లేదని.

గర్భసంచి మూతి ఎంత తెరుచుకుందో చెయ్యి లోపల పెట్టి చూడాలి. దాన్ని పి.వి. అంటాము. గంటగంటకీ చెయ్యకూడదు, ఎక్కువమంది చెయ్యకూడదు, జబ్బు లోపలికి పోతుంది అని క్లాసులో నల్లబల్ల మీద రాసి చెప్పారు. అదే వారం లేబర్ రూమ్‌లో ఒక తల్లి మీద ముందు హౌస్ సర్జన్ చూశాడు, తరవాత ఇద్దరు మెడికల్ స్టూడెంట్లు చూశారు, ఆపైన మమ్మల్ని వరసలో నిలబెట్టారు. ఆమెకి పందొమ్మిదేళ్ళుంటాయేమో. మొదటి కాన్పు. అరచేతులు మిరపకాయల ఎరుపుదేలి ఉన్నాయి. అరవలేదు, తిట్టలేదు. నా వంతు వచ్చేసరికి తల పైకెత్తి "ఇంకా ఎంతమందమ్మా?" అన్నది.

నేను చెయ్యి తొడుగు తీసేశాను. "మేడం, ఇప్పటికి నలుగురు చూశారు, మళ్ళీ వద్దండి" అన్నాను. ట్యూటర్ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నీ చుట్టమా?" అన్నది. అంతే అన్నది. ఆ మాటలో ఏముందో ఆమెకి తెలుసు, నాకు తెలుసు, గదిలో ఉన్న పదిమందికీ తెలుసు. తెల్లవార్లూ నేను ఆ పిల్ల నడుం నిమురుతూ కూర్చున్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుని నొప్పి వచ్చినప్పుడల్లా పిండింది. తెల్లారి ఐదింటికి బిడ్డ వేరేవాళ్ళ చేతుల్లో పడింది. సంతకం వాళ్ళ పుస్తకంలో పడింది. ఆ రాత్రి నేను చేసింది ఏ లెక్కలోకీ రాలేదు, ఎందుకంటే కేసు బుక్కులో దానికి గడి లేదు.

నేను కొట్లాడేది ఆ లేని గడి కోసమే.

రెండో పాఠం తిట్టటం. పుస్తకంలో లేదు, పరీక్షలో అడగరు, అయినా అందరికీ వచ్చేస్తుంది. "అప్పుడు కమ్మగా ఉందా, ఇప్పుడు అరుస్తున్నావా?" ఈ మాట వినని లేబర్ రూమ్ తెలుగుదేశాన ఉందా? ఉంటే చూపించండి, నడిచి వచ్చి చూస్తాను. తొడ మీద చరవటం, నోరు ముయ్యమనటం, గుడ్డ లేకుండా బల్ల మీద గంటలు గంటలు పడుకోబెట్టటం, మత్తు ఇంజెక్షన్ ఇవ్వకుండానే కుట్లు వేసి "మీవాళ్ళు గట్టోళ్ళులే" అనటం. అడ్మిషన్ రిజిస్టర్‌లో కులం గడి ఉంటుంది. ఆ గడి చూసి నోరు మారటం నా చెవులతో విన్నాను. ఒకామె "అమ్మా, మీరు కొంచెం ఓర్చుకోండి." పక్క బల్ల మీదామె "ఒసే, కాళ్ళు తెరువ్." నొప్పి ఒకటే. బల్ల ఒకటే. మాట రెండు రకాలు.

మూడో పాఠం పని పంపకం. ఎనిమా ఎవరివ్వాలి, వెంట్రుకలు ఎవరు గొరగాలి, మాయల బకెట్టు ఎవరు మోయాలి? ఆయా రాని రోజున మమ్మల్నే పిలిచేవాళ్ళు, అదీ పేర్లు చూసి. "మీకు అలవాటేగా" అని నవ్వేవాళ్ళు. అదేమాట, మా అమ్మమ్మతో అన్నమాటే. ఆమెతో పెరట్లో అన్నారు, నాతో ప్రభుత్వం జీతమిచ్చే ఆసుపత్రిలో అన్నారు. మేము బకెట్లు మోసి వచ్చేలోపల కాన్పులు అయిపోయేవి, సంతకాలు వేరే పుస్తకాల్లో పడేవి. ఇరవై నిండక పరీక్ష దగ్గరపడి రాత్రులు మెలకువగా కాచుకున్నది ఎవరు? మేమే. ఆ ఇరవైలో కులం ఎక్కడుందని అడిగేవాళ్ళకి ఇదే నా జవాబు.

ఇక సైన్సు సంగతి. మా అమ్మమ్మ పల్లెటూరి మొద్దు, ఆసుపత్రి సైన్సు అన్నారు. సరే, సైన్సునే అడుగుదాం. ఆమె నొప్పులు పడే ఆడమనిషిని నడిపించేది. దూలానికి తాడు కట్టి పట్టుకోమనేది, గొంతుకూర్చోబెట్టి కనిపించేది. మాకు నేర్పింది వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు పైకి కట్టటం. అది తల్లికి సుఖం కాదు, నిలబడి చూసేవాడికి సుఖం. 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు కాన్పు ఎట్లా చెయ్యాలో చెబుతూ ఒక పుస్తకం వేసింది. ఎనిమాలు, గొరగటాలు, నొప్పులు పడేవాళ్ళని వెల్లకిలా పడుకోబెట్టటం మానుకోవాల్సిన పనుల జాబితాలో పెట్టింది. 2018లో మళ్ళీ చెప్పింది: తల్లికి నచ్చిన భంగిమలో కననివ్వండి, ఆమె కోరుకున్న మనిషిని పక్కన ఉండనివ్వండి, అందరికీ అలవాటుగా కోత పెట్టకండి అని. బొడ్డు వెంటనే కొయ్యొద్దు, కనీసం ఒక నిమిషం ఆగండి, బిడ్డకి నెత్తురు అందుతుంది అని కూడా చెబుతోంది. మా అమ్మమ్మ మాయ పడేదాకా బొడ్డు ముట్టుకునేది కాదు. ఆమెను మొద్దు అన్న నోళ్ళు ఇప్పుడు సదస్సుల్లో ఇదే విషయం ఇంగ్లీషులో చెప్పి చప్పట్లు కొట్టించుకుంటున్నాయి.

నేను అమ్మమ్మకి గుడి కట్టటం లేదు. కొడవలితో కోసిన బొడ్డుకి ధనుర్వాతం వచ్చి వారం తిరక్కుండా కొయ్యబారి పోయిన పిల్లల్ని మా వాడలో పాతిపెట్టారు. నెత్తురు ఆగక మంచం మీదే పోయిన తల్లులున్నారు, అందులో నా సొంత మేనత్త ఒకతె. టెటనస్ ఇంజెక్షను, కొత్త బ్లేడు, ఆసుపత్రి వచ్చాకే ఆ చావులు తగ్గాయి. తల్లీబిడ్డల ధనుర్వాతం దేశంలో అదుపులోకి వచ్చిందని 2015లో ప్రకటించారు. అది సైన్సు గొప్పే, తలవంచి ఒప్పుకుంటాను. నా పోట్లాట సైన్సుతో కాదు. సైన్సు పేరు చెప్పి ఊరి పెత్తనాన్ని లేబర్ రూమ్‌లోకి తెచ్చుకున్నవాళ్ళతో.

ప్రభుత్వం కొన్నేళ్ళు మంత్రసానులకి దాయి శిక్షణ అని పెట్టి బ్లేడు, దారం, సబ్బు ఉన్న పెట్టె చేతికిచ్చింది. 2005లో జననీ సురక్షా యోజన వచ్చాక కాన్పులన్నీ ఆసుపత్రి దోవ పట్టాయి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 కాన్పులు ఆసుపత్రుల్లోనే. మంచిదే. కాని ఆ ముసలమ్మల చేతుల్లో ఉన్నదాన్ని ఒక్కరైనా కూర్చుని రాసుకున్నారా? వాళ్ళని పిలిచి "అమ్మా, అడ్డం తిరిగిన బిడ్డని నువ్వు ఎట్లా గుర్తుపడతావు?" అని మా నర్సింగ్ స్కూళ్ళల్లో ఒక్క క్లాసు చెప్పించారా? పెట్టె ఇచ్చారు, తరవాత పెట్టె లాక్కున్నారు. అంతే.

ఇప్పుడు చూడండి చోద్యం. అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో నూటికి 60.7 కోతలే. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5. ఆంధ్రలో మొత్తం మీద 42.4, ప్రైవేటులో 63. దేశం మొత్తానికి 21.5. మామూలు కాన్పే అరుదైపోతుంటే మా పిల్లలు ఇరవై ఎక్కడ చెయ్యాలి? ఊరి బయట పొలాల్లో నర్సింగ్ కాలేజీలు లేచాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది గనక మా వాడల పిల్లల్ని ఏజెంట్లు వెతికి మరీ చేర్పిస్తున్నారు. మా డ్యూటీకి పోస్టింగ్ మీద వచ్చిన పిల్లల్ని నేను అడుగుతుంటాను. కొందరి పుస్తకాల్లో ఇరవై సంతకాలూ అప్పటికే ఉంటాయి, బిడ్డ తల పట్టుకోవటం మాత్రం రాదు. నేను ఆ పిల్లల్ని తప్పుపట్టను. వాళ్ళ పేరు మీద డబ్బు తీసుకుని, వాళ్ళ చేతులకి పని నేర్పకుండా పంపిన యాజమాన్యాన్ని తప్పుపడతాను. మా అమ్మమ్మ దగ్గర పని ఉంది, కాగితం లేదు. ఈ పిల్లల దగ్గర కాగితం ఉంది, పని లేదు. రెండు విధాలా పోయింది మనకే.

కొందరు పెద్దమనుషులు నాతో వాదిస్తారు. "అరవకపోతే వీళ్ళు వినరమ్మా, చదువులేనివాళ్ళు. బిడ్డ ప్రాణం పోతుందని తిడతాం" అంటారు. అయ్యా, చదువుకున్నామె వింటుందని మీరు ఆమెను తిట్టటం మానలేదు. ఆమె మొగుడు రేపు పై అధికారికి రాస్తాడని మానారు. నాకు ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉంది. భయపడ్డ ఒళ్ళు బిగుసుకుంటుంది, బిగుసుకున్న ఒళ్ళు తెరుచుకోదు. ఇది తెలియటానికి డిగ్రీ అక్కర్లేదు.

"పనెక్కువ, మనుషులు తక్కువ, ఒక నర్సు నాలుగు బల్లలు చూసుకోవాలి" అంటారు. ఇది నిజం. నేనూ అట్లాగే నలిగాను. కాని ఆ కోపం బల్ల మీద పడుకున్నామె మీదే ఎందుకు దిగుతుంది? పోస్టులు నింపని సర్కారు మీద ఎందుకు దిగదు? ఎందుకంటే సర్కారుకి నోరుంది. ఆమెకి లేదనుకుంటాం.

"ఇప్పుడు అన్నీ మారాయి, గౌరవంగా చూడమని కేంద్రం లక్ష్య పథకం పెట్టిందిగా" అంటారు. పెట్టింది, 2017లో. తెలంగాణ ఆ ఏడాదే నర్సులకి మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2018లో కేంద్రం కూడా మార్గదర్శకాలు వేసింది. తల్లి పక్కన తోడు ఉండొచ్చని గోడ మీద బోర్డు వచ్చింది. నేను సంతోషించాను. కాని నేర్చుకునే పిల్ల గోడ మీది బోర్డు చూసి నేర్చుకోదు, పెద్ద సిస్టర్ నోరు చూసి నేర్చుకుంటుంది. బోర్డు కింద నిలబడి "ఒసే" అంటుంటే ఆ పిల్లకి ఏది పాఠం?

అన్నిటికంటే నాకు కడుపు మండేది ఒకటుంది. తిట్టటం నేర్చుకునే పిల్లా మన వాడ నుంచే వస్తుంది. తిట్టించుకునే తల్లీ మన వాడ నుంచే వస్తుంది. తెల్లకోటు వేసుకోగానే ఆ తల్లి పరాయిదనీ, మురికిదనీ మన పిల్లకి నేర్పి, మనచేతే మన తల్లిని కొట్టిస్తున్నారు. మనువు చేసిన పనికి దీనికంటే గొప్ప శిక్షణ కాలేజీ ఏముంటుంది?

కాబట్టి అడుగుతున్నాం. కేసు అనే మాట తీసెయ్యండి, ఆమెకి పేరుంది. విద్యార్థిని చెయ్యి వేసేముందు తల్లిని అడగాలి, వద్దంటే ఊరుకోవాలి, ఆ అడగటానికీ మార్కులుండాలి. కేసు బుక్కులో ఇంకో ఇరవై గళ్ళు గియ్యండి: ఎంతమంది నడుం నిమిరావు, ఎంతమందికి నీళ్ళు తాగించావు, ఎంతమందిని నడిపించావు. వాటికి సంతకం ట్యూటర్‌ది కాదు, ఆ తల్లిది కావాలి. చదువు రాకపోతే వేలిముద్ర వేస్తుంది. మాయల బకెట్టు వంతులవారీగా అందరూ మొయ్యాలి, ట్యూటర్‌తో సహా. కాన్పులు లేని కాలేజీకి సీట్లు ఇవ్వొద్దు. బతికి ఉన్న మంత్రసానుల్ని నర్సింగ్ స్కూలుకి ముందు గుమ్మంలోంచి పిలవండి, కుర్చీ వెయ్యండి, చెప్పింది రాసుకోండి.

ఇదంతా కొత్తగా అడుగుతున్నదేమీ కాదు. 1863లో పుణేలో జోతిబా, సావిత్రీబాయి ఫూలేలు లోకం వెలివేసిన వితంతువులు వచ్చి భయం లేకుండా కని పోవటానికి తమ తలుపు తెరిచారు. వచ్చింది బ్రాహ్మణ వితంతువులు, తలుపు తీసింది శూద్రులు. తిట్టి పంపలేదు. 1928లో బొంబాయి శాసనమండలిలో బాబాసాహెబ్ అంబేద్కర్ ప్రసూతి బిల్లు మీద మాట్లాడుతూ, కాన్పుకి ముందూ వెనకా తల్లికి విశ్రాంతి జాతికే అవసరమని, ఆ ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వం మోయాలని వాదించాడు. కాన్పుని ఆడదాని కర్మ అనలేదు ఆయన. జాతికి సంబంధించిన సంగతి అన్నాడు.

చెల్లెళ్ళారా, ఈ ఏడు లేబర్ రూమ్ పోస్టింగ్‌కి పోయే పిల్లలారా, ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆ గదిలో మీరు కొత్తవాళ్ళు కాదు. ఈ పని మీకు ఎవరో దయతలచి నేర్పటం లేదు, మీ ముత్తవ్వల నుంచి గుంజుకున్నదాన్ని తిరిగి ఇస్తున్నారు, అదీ సగమే ఇస్తున్నారు. మిగతా సగం అడిగి తీసుకోండి. ఇరవై సంతకాలు పెట్టించుకోండి, తప్పదు. కాని పందొమ్మిదో కాన్పు దగ్గర అయినా సరే, తిట్టమన్నప్పుడు తిట్టొద్దు. మీ నోరు మీది.